దగ్గు రెండు వారాలు దాటిందా? ఇంకో సిరప్ సీసా కొనేముందు ఇది చదవండి

"పొడి దగ్గా, తెమడ దగ్గా?"

రాత్రి తొమ్మిది దాటాక ఏ కాలనీ మెడికల్ షాపు ముందు పది నిమిషాలు నిలబడినా ఈ ప్రశ్న వినిపిస్తుంది. మన జవాబును బట్టి ఒక సిరప్ సీసా, ఐదారు మాత్రలు కవర్లో పడతాయి. ఫోన్‌తో స్కాన్ చేస్తాం, వచ్చేస్తాం. అంతా కలిపి రెండు నిమిషాల పని. "ఎన్నాళ్ల నుంచి దగ్గుతున్నారు?" అని మాత్రం సాధారణంగా అటువైపు నుంచి అడగరు, ఇటువైపు నుంచి మనమూ చెప్పం.

మొండి దగ్గు విషయంలో ముందు తేలాల్సింది ఆ రోజుల లెక్కే. దగ్గు రెండు వారాలు దాటితే తెమడ పరీక్ష చేయాలని ప్రభుత్వ టీబీ నిర్మూలన కార్యక్రమంలో నియమం ఉంది. ఆ పరీక్షకు రూపాయి కూడా తీసుకోరు. నగరాల్లో ఈ సంగతి తెలియనివాళ్లు ఉన్నారు, తెలిసినా "నాకెందుకు టీబీ వస్తుంది" అనుకునేవాళ్లూ ఉన్నారు. ఈలోగా రెండో సీసా, మూడో సీసా అయిపోతాయి.

రెండు వారాల లెక్క ఎక్కడిది?

జలుబు, వైరల్ జ్వరం తర్వాత వచ్చే దగ్గు ఎన్ని రోజులుంటుందని ఎవరినైనా అడగండి. వారం అంటారు. అమెరికా పరిశోధకులు 2013లో ఈ విషయాన్నే పరిశీలించారు. జనం ఊహించుకునేది వారం పైచిలుకు, దగ్గు నిజంగా ఉండేది సగటున సుమారు 18 రోజులు అని తేలింది. ఈ రెండు అంకెల మధ్య ఉన్న పది రోజుల్లోనే సిరప్‌ల వ్యాపారమంతా నడుస్తుంది. ఎనిమిదో రోజున విసుగొచ్చి ఒక సీసా, పదమూడో రోజున ఇంకో సీసా కొంటాం. పద్దెనిమిదో రోజుకు దగ్గు దానంతట అదే తగ్గుతుంది. పేరు మాత్రం రెండో సీసాకు దక్కుతుంది.

ఇక్కడ ఒక సందేహం రావాలి. మామూలు దగ్గే 18 రోజులుంటే, 14 రోజులకే టీబీ పరీక్ష ఎందుకు? ఒకప్పుడు మన దేశంలోనూ గడువు మూడు వారాలే. 2009లో దాన్ని రెండు వారాలకు తగ్గించారు. పరీక్ష వల్ల పోయేదేమీ లేదు, ఆలస్యమైతే పోయేది చాలా ఉందన్నది దీని వెనుక ఉన్న లెక్క. ఊపిరితిత్తుల టీబీ ఉన్న మనిషి దగ్గిన ప్రతిసారీ ఇంట్లోవాళ్లకు, ఆఫీసు క్యాబిన్‌లో పక్క సీటువాళ్లకు ముప్పే. అందుకే పరీక్షకు వెళ్లినవాళ్లలో ఎక్కువమందికి నెగెటివ్ వచ్చినా అది వృథా ప్రయాస కాదు. అలా రావాలనే ఆ నియమం పెట్టారు.

ప్రపంచంలోని టీబీ కేసుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2015లో లక్ష మందికి 237గా ఉన్న కొత్త కేసులు 2023 నాటికి 195కి తగ్గాయి. తగ్గుదల నిజమే. కానీ 2025 నాటికి టీబీని అంతం చేస్తామని పెట్టుకున్న లక్ష్యానికి, ఈ అంకెకు మధ్య చాలా దూరముంది.

కొన్ని సందర్భాల్లో రెండు వారాలు కూడా ఆగకూడదు. తెమడలో రక్తం కనిపించినా, మెట్లెక్కితే ఆయాసం వస్తున్నా, సాయంత్రాలు జ్వరం, రాత్రిళ్లు చెమటలు ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా వెంటనే వెళ్లాలి. షుగర్ ఉన్నవాళ్లు, హెచ్‌ఐవీతో జీవిస్తున్నవాళ్లు, ఇంట్లో టీబీ రోగి ఉన్నవాళ్లు కూడా అంతే. ఆడుకుంటూ వేరుశనగ గింజో, చిన్న బొమ్మ ముక్కో నోట్లో పెట్టుకున్న పిల్లాడు ఉన్నట్టుండి దగ్గడం మొదలుపెడితే అది సిరప్ పని కాదు, ఎమర్జెన్సీకి పరుగెత్తాల్సిన పని.

షాపులో చేతిలో కాగితం ఉంటే ఒక తీరు, లేకపోతే ఒక తీరు

మందుల షాపుల తీరుపై ఢిల్లీ, ముంబయి, పట్నాల్లో ఒక అధ్యయనం జరిగింది. 2016లో ఫలితాలు వచ్చాయి. శిక్షణ ఇచ్చిన కొందరిని రోగుల్లా షాపులకు పంపారు. కొందరు "రెండు మూడు వారాలుగా దగ్గు, జ్వరం" అని మాత్రమే చెప్పారు. వాళ్ల విషయంలో సరైన పని చేసిన, అంటే ఇష్టమొచ్చిన మందులివ్వకుండా డాక్టర్ దగ్గరికి పంపిన సందర్భాలు 13 శాతం. 37 శాతం సందర్భాల్లో యాంటీబయాటిక్ చేతిలో పెట్టారు.

మరికొందరు అదే లక్షణాలు చెబుతూ టీబీ పాజిటివ్ అన్న ల్యాబ్ కాగితం కూడా చూపించారు. సరైన స్పందన 13 నుంచి 62 శాతానికి పెరిగింది. యాంటీబయాటిక్ ఇచ్చిన సందర్భాలు 16 శాతానికి పడిపోయాయి. షాపులు మారలేదు, కౌంటర్ వెనుక మనుషులు మారలేదు. మారింది కొనేవాళ్ల చేతిలోని కాగితం ఒక్కటే.

డాక్టర్ల దగ్గర పరిస్థితి మెరుగ్గా ఉంటుందనుకుంటాం. ముంబయి, పట్నాల్లోని ప్రైవేటు క్లినిక్‌లకు ఇదే పద్ధతిలో రోగుల్లా వెళ్లి చేసిన మరో అధ్యయనం 2018లో వచ్చింది. 2,600కు పైగా సందర్శనల్లో సరైన తీరుతో చూసినవి 35 శాతం. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇదే జరుగుతోందని ఈ అంకెలతో తేల్చేయలేం. కానీ మూడు వారాల దగ్గుతో మూడు చోట్లకు తిరిగిన ఎవరికైనా ఇది కొత్త కథలా అనిపించదు.

యాంటీబయాటిక్ ఇస్తే నష్టమేంటి? రెండు నష్టాలున్నాయి. వైరస్ వల్ల వచ్చిన దగ్గుకు అది పనిచేయదు. టీబీ దగ్గు అయితే మరీ ప్రమాదం. లివోఫ్లాక్సాసిన్ లాంటి మందులు టీబీ క్రిమిని కొంతమేర అణుస్తాయి. నాలుగు రోజులు హాయిగా ఉంటుంది, జ్వరం తగ్గుతుంది, "పడింది మందు" అనుకుంటాం. క్రిమి చావదు, పరీక్షకు చిక్కడం మాత్రం ఆలస్యమవుతుంది. ఈ మందు 2014 నుంచి అమల్లో ఉన్న షెడ్యూల్ హెచ్1 జాబితాలో ఉంది. చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినప్పుడు రోగి పేరు, డాక్టర్ పేరు రిజిస్టర్‌లో రాయాలి. మీ చివరి యాంటీబయాటిక్ కొన్నప్పుడు మీ పేరు ఎవరైనా రాసుకున్నారా?

తప్పంతా షాపులదే అనడం నాకు సబబుగా అనిపించదు. ఉద్యోగం నుంచి ఇంటికి చేరే వేళకు వీధిలో తెరిచి ఉండేది ఆ షాపే. 2013లో మొదలైన జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్, పట్టణ ఆరోగ్య కేంద్రాలు సాయంత్రం కూడా ఓపీ చూడాలన్న ఉద్దేశంతోనే రూపుదిద్దుకుంది. కూలి పనికి, ఆఫీసుకు వెళ్లేవాళ్లు పగలు రాలేరని ఆ పత్రం రాసినవాళ్లకు తెలుసు. మీ ఏరియా కేంద్రం బోర్డు మీద వేళలు ఏమున్నాయో, ఆ వేళకు డాక్టర్ ఉంటున్నారో లేదో ఈసారి అటు వెళ్లినప్పుడు చూడండి.

2019-21 మధ్య జరిగిన జాతీయ టీబీ సర్వేలో లక్షణాలున్నవాళ్లలో 64 శాతం మంది ఎక్కడా వైద్యం కోసం వెళ్లలేదని తేలింది. ఎందుకని అడిగితే, "పట్టించుకోలేదు" అన్నవాళ్లు 68 శాతం. "డబ్బు లేక" అన్నవాళ్లు 2 శాతమే. పట్టించుకోకపోవడం అన్న మాటలో సగం రోజు జీతం పోతుందన్న భయం ఎంత ఉందో ఆ సర్వే పట్టికలో కనిపించదు.

సిరప్‌లో ఏముంది?

2025 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో 20 మందికి పైగా చిన్నారులు మూత్రపిండాలు దెబ్బతిని చనిపోయారు. వాళ్లు తాగింది కోల్డ్‌రిఫ్ అనే సిరప్. తమిళనాడు కాంచీపురం జిల్లాలో తయారైన ఎస్ఆర్-13 బ్యాచ్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విష రసాయనం 48.6 శాతం ఉన్నట్టు పరీక్షలో తేలింది. 0.1 శాతానికి మించి ఉండకూడనిది అది. బ్రేక్ ఆయిల్ లాంటి వాటిలో వాడే రసాయనం. తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖ కూడా ఆ బ్యాచ్ వాడొద్దని హెచ్చరిక జారీ చేసింది.

ఇది మొదటిసారి కాదు. 2022లో గాంబియాలో సుమారు 70 మంది పిల్లల మరణాల వెనుక మన దేశంలో తయారైన సిరప్‌లు ఉన్నాయన్న ఆరోపణలు వచ్చాయి. దాంతో 2023 జూన్ నుంచి ఎగుమతి అయ్యే దగ్గు సిరప్‌లకు ప్రభుత్వ ల్యాబ్ పరీక్ష తప్పనిసరి చేశారు. ఛింద్వాడా ఘటన నాటికి మన పిల్లలు తాగే సీసాలకు మాత్రం అలాంటి ముందస్తు ప్రభుత్వ పరీక్ష లేదు. బయటి దేశానికి పంపే సీసాకు ఒక తనిఖీ, మన వీధి షాపుకు వచ్చే సీసాకు ఇంకో పద్ధతి ఎందుకో ఎవరైనా చెప్పాల్సి ఉంది.

రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వొద్దని, ఐదేళ్లలోపు వాళ్లకు కూడా సాధారణంగా సిఫార్సు చేయరని 2025 అక్టోబరులో కేంద్రం రాష్ట్రాలకు సూచించింది. కాబట్టి పెద్ద పిల్లాడి కోసం తెచ్చి సగం మిగిలిన సీసాను చిన్నదానికి చెంచాతో పోసే అలవాటు ఇంట్లో ఉంటే ఇవాళే మానేయాలి. అనుమానాస్పద మందుల గురించి తెలంగాణలో ఔషధ నియంత్రణ శాఖ టోల్‌ఫ్రీ నంబరు 1800-599-6969కు ఫిర్యాదు చేయొచ్చు. సీసా పారేయకుండా, లేబుల్ మీద బ్యాచ్ నంబరు కనిపించేలా ఫోటో తీసి పెట్టుకోండి.

మంచి సిరప్ అయినా చేసే పని పరిమితమే. గొంతు గరగర తగ్గించి రాత్రి కాసేపు నిద్ర పట్టనిస్తుందేమో గానీ, దగ్గు కారణాన్ని తీసేయదు. ఆమాత్రం ఉపశమనం తేనె కలిపిన గోరువెచ్చని నీళ్లతోనో, బుగ్గన పెట్టుకున్న కరక్కాయ ముక్కతోనో కూడా దొరుకుతుంది. ఏడాదిలోపు పిల్లలకు మాత్రం తేనె నాకించకూడదు. కొత్తగా పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాసే ఆచారం ఉన్న ఇళ్లలో ఈ మాట పెద్దవాళ్లకు నచ్చజెప్పడం కష్టమే, అయినా చెప్పాలి.

ఉచిత పరీక్ష ఎక్కడ, ఎలా?

మీ పట్టణ ఆరోగ్య కేంద్రమే మొదటి మెట్టు. హైదరాబాద్‌లో అయితే 2018లో మొదలైన బస్తీ దవాఖానాలు ఇంకా దగ్గర. "రెండు వారాలుగా దగ్గు ఉంది, తెమడ పరీక్ష చేయించాలి" అని నేరుగా అడగండి. గళ్ల పరీక్ష అన్నా అర్థమవుతుంది. అక్కడ యంత్రం లేకపోతే నమూనా తీసుకుని ఉన్నచోటికి పంపుతారు. దగ్గర్లో ఏ కేంద్రం ఉందో తెలియకపోతే జాతీయ టీబీ హెల్ప్‌లైన్ 1800-11-6666కు ఫోన్ చేయొచ్చు. ఏరియా ఆసుపత్రులు, బోధనాసుపత్రులు, హైదరాబాద్ ఎర్రగడ్డలోని ఛాతీ ఆసుపత్రి, విశాఖలోని ఛాతీ ఆసుపత్రి తర్వాతి మెట్లు.

పరీక్ష రెండు రకాల యంత్రాల మీద జరుగుతుంది. ఒకటి సీబీనాట్, ఇంకోటి గోవా కంపెనీ తయారుచేసిన ట్రూనాట్. కరోనా రోజుల్లో ఈ పేర్లు వినే ఉంటారు, అప్పుడు వీటినే కొవిడ్ పరీక్షలకు వాడారు. తెమడలో టీబీ క్రిమి ఉందా అన్నదే కాదు, ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు అది లొంగుతుందా లేదా అన్నది కూడా ఇవి చెబుతాయి. యంత్రం మీద పని గంట, రెండు గంటలే. నమూనా ప్రయాణం, రిపోర్టు మీ చేతికి రావడం కలుపుకుంటే రెండు మూడు రోజులు పట్టొచ్చు.

చాలా పరీక్షలు చెడిపోయేది యంత్రం దగ్గర కాదు, డబ్బా దగ్గర. డబ్బాలో ఉమ్మి వేసి ఇచ్చేస్తాం. ఉమ్మిలో క్రిమి దొరకదు, ఊపిరితిత్తుల లోపలి నుంచి వచ్చిన చిక్కటి తెమడలో దొరుకుతుంది. సాధారణంగా రెండు నమూనాలు అడుగుతారు. ఒకటి అక్కడికక్కడ, రెండోది మర్నాడు పొద్దున లేవగానే. రాత్రంతా లోపల పేరుకున్నది ఉంటుంది కాబట్టి పొద్దుటి నమూనానే మెరుగు. మంచినీళ్లతో నోరు పుక్కిలించి, రెండు మూడుసార్లు గుండెల నిండా గాలి పీల్చి వదిలి, లోపల్నుంచి గట్టిగా దగ్గి తీయాలి. బాత్రూమ్‌లో తలుపేసుకుని కాకుండా డాబా మీదో, బాల్కనీలోనో, చుట్టూ ఎవరూ లేనిచోట చేయాలి. ఒక చెంచాకు తక్కువ కాకుండా ఉంటే మంచిది. మూత గట్టిగా బిగించి ఆ ఉదయమే ఇచ్చేయండి.

నేను కూడా ఈ డబ్బా పట్టుకుని తిరిగినవాణ్నే. నాలుగో వారం దగ్గుతో మా ఏరియా కేంద్రానికి వెళ్తే, టెక్నీషియన్ డెప్యుటేషన్ మీద వెళ్లారు, సోమవారం రండి అన్నారు. సోమవారం సెలవు దొరకలేదు. అప్పటికే రెండు సీసాలు, ఒక కోర్సు యాంటీబయాటిక్ అయ్యాయి కాబట్టి మూడో సీసా వైపు కాలు లాగింది. మళ్లీ వెళ్లినప్పుడు నమూనాలో ఉమ్మే ఎక్కువగా ఉందని వెనక్కి పంపారు. పైన రాసిన పద్ధతంతా ఆ రోజు ఏఎన్ఎం అక్క ఓపిగ్గా చెప్పిందే. అంతకుముందు డబ్బా ఇచ్చినప్పుడు ఆ నాలుగు ముక్కలు ఎవరూ చెప్పలేదు.

ఒక జాగ్రత్త. రక్తం తీసి "టీబీ యాంటీబాడీ" చూస్తామని ఏ ల్యాబ్ అయినా అంటే ఒప్పుకోవద్దు. ఆ పరీక్షలు తప్పుడు ఫలితాలిస్తాయని 2012లోనే కేంద్రం నిషేధించింది.

పాజిటివ్ వస్తే

ఇక్కడ ప్రభుత్వ వ్యవస్థ మీ వెంట ఉంటుంది. మీ పేరు ని-క్షయ్ పోర్టల్‌లో చేరుతుంది. బరువును బట్టి రోజూ వేసుకునే మాత్రలు ఉచితం. మామూలు టీబీకి ఆరు నెలల కోర్సు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాతి నాలుగు నెలలు మూడు. మూత్రం నారింజ రంగులో వస్తే కంగారుపడొద్దు, అది రిఫాంపిసిన్ రంగు. మూడో వారానికల్లా దగ్గు, జ్వరం తగ్గి ప్రాణం తెరిపిన పడుతుంది. చాలామంది మందులు ఆపేసేది సరిగ్గా అప్పుడే, అలా ఆపితే మొండి టీబీగా తిరగబడే ప్రమాదం ఉంది.

పోషకాహారం కోసం నెలకు రూ.1,000 బ్యాంకు ఖాతాలో వేస్తారు. 2018లో రూ.500తో మొదలైన ఈ సాయాన్ని 2024 నవంబరు నుంచి రెట్టింపు చేశారు. ప్రైవేటు డాక్టర్ దగ్గర వైద్యం చేయించుకుంటున్నా, ఆ డాక్టర్ మీ కేసు నమోదు చేయిస్తే ఈ డబ్బు వస్తుంది. ప్రతి టీబీ కేసునూ ప్రభుత్వానికి తెలపడం 2012 నుంచి ప్రైవేటు ఆసుపత్రులకూ తప్పనిసరే. కాబట్టి "నా ని-క్షయ్ ఐడీ ఎంత?" అని అడగడం మీ హక్కు. తిండి ఇక్కడ చిన్న విషయం కాదు. జార్ఖండ్‌లో జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో, రోగి కుటుంబానికి మంచి సరుకులు అందిస్తే ఆ ఇంట్లో మిగతావాళ్లకు టీబీ రావడం దాదాపు 40 శాతం తగ్గినట్టు 2023లో తేలింది. ఇంట్లోవాళ్లకు పరీక్షలు, అవసరమైతే ముందుజాగ్రత్త మాత్రలు కూడా ఈ కార్యక్రమంలో భాగమే.

అంతా సవ్యంగా ఉందని కాదు. 2024 మార్చిలో టీబీ మందులకు కొరత వచ్చి, మూడు నెలలకు సరిపడా స్థానికంగా కొనుక్కోండని కేంద్రమే రాష్ట్రాలకు లేఖ రాయాల్సి వచ్చింది. ఒక్క రోజు కూడా ఆపొద్దని రోగికి చెప్పే వ్యవస్థ తానే స్టాకు లేదనడం కంటే పెద్ద వైఫల్యం ఇంకోటి ఉండదు. మీ మాత్రలు పది రోజులకు సరిపడా మిగిలి ఉండగానే తర్వాతి విడత అడిగి పెట్టుకోండి.

నెగెటివ్ వస్తే? అసలు చిక్కు ఇక్కడే

"టీబీ కాదండీ, వెళ్లండి." చాలామంది విషయంలో ప్రభుత్వ సేవ ఈ మాటతో ముగిసిపోతుంది. టీబీకి రిజిస్టర్ ఉంది, ఆశా కార్యకర్త ఉంది, ఫోన్ చేసి కనుక్కునే ఏర్పాటు ఉంది. టీబీ కాని మొండి దగ్గుకు ఇవేవీ లేవు. మనిషి రిపోర్టు జేబులో పెట్టుకుని ఊపిరి పీల్చుకుంటాడు, దగ్గుతూనే ఇంటికెళ్తాడు, రాత్రికి మళ్లీ అదే షాపు. ఈ కార్యక్రమం మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ఇదే. దగ్గుతో వచ్చినవాడికి దగ్గు తగ్గాలి. మనం అతని దగ్గర టీబీని మాత్రమే వెతికి పంపిస్తున్నాం.

కాబట్టి నెగెటివ్ వచ్చినప్పుడు మీరే అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. మొదటిది ఛాతీ ఎక్స్‌రే. పైన చెప్పిన జాతీయ సర్వేలోనే, ఎక్స్‌రే తీయకపోయి ఉంటే 42 శాతానికి పైగా టీబీ కేసులు దొరికేవే కాదని తేలింది. న్యుమోనియా, ఊపిరితిత్తుల్లో గడ్డ లాంటివీ ఎక్స్‌రేలో బయటపడతాయి. పొగతాగే అలవాటు ఉన్నవాళ్లు, ఉండి మానేసినవాళ్లు దీన్ని వాయిదా వేయకూడదు.

రెండోది, మీరు రోజూ వేసుకునే మాత్రలు. మా అమ్మ మూడు నెలలు పొడి దగ్గుతో ఇబ్బంది పడింది. సిరప్‌లు, కషాయాలు, ఆవిరి పట్టడాలు అన్నీ అయ్యాయి. తెమడ పరీక్ష నెగెటివ్, ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. చివరికి ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టరమ్మ "బీపీకి ఏం వాడుతున్నావమ్మా, స్ట్రిప్ చూపించు" అని అడిగింది. ఎనలాప్రిల్. పేరు చివర "ప్రిల్" అని వచ్చే బీపీ మాత్రలు కొంతమందిలో ఇలాంటి పొడి దగ్గు తెస్తాయి. వాడటం మొదలుపెట్టిన వారానికే రావచ్చు, కొన్ని నెలల తర్వాతా రావచ్చు. మాత్ర మార్చిన మూడో వారానికి అమ్మ దగ్గు పోయింది. అంతవరకు తిరిగిన ఏ షాపులోనూ, క్లినిక్‌లోనూ ఆ ఒక్క ప్రశ్న రాలేదు. ఇది చదివి ఎవరూ బీపీ మాత్ర సొంతంగా ఆపొద్దు. స్ట్రిప్ తీసుకెళ్లి డాక్టర్‌కు చూపించండి, బదులుగా ఇచ్చే మందులు ప్రభుత్వ కేంద్రాల్లోనూ ఉన్నాయి.

మూడోది ఆస్తమా. పిల్లికూతలు లేకుండా, ఆయాసం లేకుండా కేవలం దగ్గుగా కనిపించే ఆస్తమా ఉంటుంది. రాత్రి రెండు మూడు గంటలకు, తెల్లవారుజామున ఎక్కువ. చలిగాలికి, దుమ్ముకు, పక్కింటి పోపు ఘాటుకు తెరలు తెరలుగా వస్తుంది. గొట్టంలోకి గట్టిగా ఊదించే స్పైరోమెట్రీ పరీక్షతో దీన్ని గుర్తిస్తారు. ఛాతీ ఆసుపత్రుల్లో, వైద్య కళాశాలల్లో చేస్తారు, బస్తీ స్థాయిలో ఆశించలేం. వైద్యం ఇన్‌హేలర్. "ఒకసారి పంప్ మొదలుపెడితే అలవాటైపోతుంది" అన్న భయం మన ఇళ్లలో గట్టిగా ఉంది. నిజానికి మాత్రతోనో ఇంజెక్షన్‌తోనో ఒంటినిండా వెళ్లే స్టెరాయిడ్ కంటే, ఇన్‌హేలర్‌తో నేరుగా ఊపిరితిత్తులకు చేరే మోతాదు చాలా తక్కువ.

ఇక ముక్కు, కడుపు. ముక్కు వెనుక నుంచి గొంతులోకి జారే స్రావం, పడుకోగానే పైకి తన్నే పులుపు, ఈ రెండూ నెలల తరబడి దగ్గించగలవు. రాత్రి పదకొండుకు బిర్యానీ తిని పన్నెండుకు పడక చేరే నగరంలో రెండోదానికి కొదవ లేదు. తిండికి, నిద్రకు మధ్య రెండు మూడు గంటలు ఎడం పెట్టి, తల వైపు కాస్త ఎత్తు చేసుకుని రెండు వారాలు చూడండి.

ఇంట్లో ఒకసారి చుట్టూ చూసుకోండి. దోమల కాయిల్, తలుపులు మూసి వెలిగించే అగరుబత్తి, పక్క ప్లాటులో నడుస్తున్న నిర్మాణం దుమ్ము, బాల్కనీలో గూడు కట్టిన పావురాలు. పావురాల రెట్ట, ఈకల ధూళి కొంతమందిలో ఊపిరితిత్తుల్ని వాచేలా చేస్తుంది. దీన్ని చాలా కాలం ఆస్తమా అనుకునే ప్రమాదం ఉంది. గింజలు వేయడం పుణ్యమనుకునేవాళ్లతో గొడవ అక్కర్లేదు గానీ, డాక్టర్‌కు మాత్రం పావురాల సంగతి చెప్పండి.

ఎనిమిది వారాలు దాటిన దగ్గును వైద్యులు దీర్ఘకాలిక దగ్గు అంటారు. అప్పటికీ కారణం తేలకపోతే పట్టణ ఆరోగ్య కేంద్రం నుంచి రిఫరల్ చీటీ రాయించుకుని ఛాతీ వైద్య నిపుణుల ఓపీకి వెళ్లాలి. వెళ్లేటప్పుడు తెమడ పరీక్ష కాగితం, ఎక్స్‌రే ఫిల్మ్, ఇప్పటిదాకా తాగిన సిరప్‌ల పేర్లు, రోజూ వేసుకునే అన్ని మాత్రల స్ట్రిప్‌లు ఒక కవర్లో పెట్టుకోండి. దగ్గు ఏ తేదీన మొదలైందో, రాత్రి ఎక్కువా పగలు ఎక్కువా అన్నది ఒక చీటీ మీద రాసుకోండి. పెద్దాసుపత్రి ఓపీలో మీ వంతుకు దక్కేది రెండు మూడు నిమిషాలే, ఆ సమయంలో ఇవన్నీ గుర్తుచేసుకుంటూ కూర్చోలేరు.